పన్ను క్రెడిట్: లెక్కలో ఏ వరుసన పడితే ఎవరికి మేలు

ఆదాయం మీద పన్ను ఎంతో లెక్క తేలాక, ఆ తేలిన పన్నులోంచి నేరుగా తీసివేసే మొత్తాన్ని పన్ను క్రెడిట్ అంటారు. మన ఆదాయపు పన్ను వ్యవహారంలో దీనికి రిబేటు అన్న పేరే ఎక్కువ వాడుక. పన్ను భారం తగ్గించడానికి ప్రభుత్వాలకు స్థూలంగా మూడు దారులున్నాయి. రేట్లు తగ్గించవచ్చు, పన్ను వేసే ఆదాయాన్ని తగ్గించవచ్చు, లేదా వేసిన పన్నునే తగ్గించవచ్చు. రెండోది మినహాయింపు, మూడోది క్రెడిట్. బడ్జెట్ రోజున టీవీ చర్చల్లో ఈ రెండూ ‘రాయితీ’ అనే ఒకే గంపలో పడిపోతాయి. ఫలితంలో మాత్రం వీటికి పొంతన లేదు. ఒక రాయితీ ఎవరి జేబులో ఎంత మిగులుస్తుందో తేల్చేది దాని పేరో, దాని వెనకున్న సదుద్దేశమో కాదు. అది లెక్కలో శ్లాబు రేటుకు ముందు పడుతుందా, తరవాత పడుతుందా అన్నది మొదట చూడాలి. పన్ను సున్నాకు చేరాక ఇంకా మిగిలిన రాయితీ ఏమవుతుందన్నది ఆ తరవాత చూడాలి. ఈ రెంటికీ జవాబు దొరికితే, ఆ రాయితీ ఏ వర్గం కోసం పుట్టిందో చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్న లెక్కలోనే ఉంది. పాత పన్ను విధానంలో 80సీ కింద ఏడాదికి రూ.1.5 లక్షల దాకా పొదుపును ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. ఇద్దరు ఉద్యోగులు చెరి రూ.1.5 లక్షలు పీపీఎఫ్‌లో వేశారనుకుందాం. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి రూ.45,000 పన్ను తగ్గుతుంది, 20 శాతం శ్లాబులో ఉన్నవారికి రూ.30,000 తగ్గుతుంది. 4 శాతం సెస్సు కూడా కలిపితే ఆ మిగులు రూ.46,800, రూ.31,200 అవుతుంది. ఏడాదికి రెండున్నర లక్షలకు లోపు సంపాదించే మూడో మనిషి తిండి తగ్గించుకుని పొదుపు చేసినా, పన్నే లేదు కనుక అతనికి మిగిలేది ఏమీ లేదు. పొదుపు చేయడం ఎవరికి ఎక్కువ కష్టమో వారికే ప్రోత్సాహం తక్కువ అందుతోందన్నమాట. అదే రాయితీని పొదుపులో 20 శాతం రిబేటుగా ఇస్తే మొదటి ఇద్దరికీ సమానంగా రూ.30,000 తగ్గుతుంది. మూడో మనిషి సంగతి అప్పటికీ తేలదు. అది రెండో ప్రశ్నకు చెందిన విషయం.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. పన్ను వేయాల్సింది నికర ఆదాయం మీద. ఆదాయం సంపాదించడానికి అయిన ఖర్చును అందులోంచి తీసేయడం దయాదాక్షిణ్యం కాదు, లెక్క సరిగా వేయడం మాత్రమే. కిరాణా కొట్టు యజమాని కట్టిన అద్దెను, గుమాస్తా జీతాన్ని అతని ఆదాయంలోంచి కాకుండా పన్నులోంచి కొంత శాతంగా తీసేస్తామంటే, లాభమే లేని కొట్టు మీదా పన్ను పడే ప్రమాదం ఉంది. ఈ ఆక్షేపణ నిజమే. అయితే అది వర్తించే చోటు వేరు. సంపాదనకు అయిన ఖర్చు ఒక రకం. ప్రభుత్వం ఏదో ఒక పనిని ప్రోత్సహించాలని, ఒక వర్గాన్ని ఆదుకోవాలని ఇచ్చేది ఇంకో రకం. పీపీఎఫ్‌లో దాచినది, బీమా ప్రీమియంగా కట్టినది, ఇంటి అప్పు అసలు కింద చెల్లించినది సంపాదనకు అయిన ఖర్చులు కావు. అలాంటి చోట మినహాయింపు వాడితే ఎక్కువ శ్లాబువారికి ఎక్కువ సబ్సిడీ వెళుతుంది. హార్వర్డ్ న్యాయ ఆచార్యుడు స్టాన్లీ సర్రీ అమెరికా ఖజానా శాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్నప్పుడు, 1967-68 ప్రాంతంలో, ఇలాంటి రాయితీలన్నీ పన్ను రూపంలో దాగిన ప్రభుత్వ ఖర్చులేనని వాదించి, వాటికి విడిగా పద్దు రాయించాడు. ఒక పథకానికి ‘ధనికుడికి వంద, పేదవాడికి సున్నా’ అని నిబంధన రాసి చట్టసభ ముందు పెడితే ఎవరూ ఓటు వేయరు, అదే పన్ను మినహాయింపుగా వస్తే చప్పట్లు కొడతారన్నది ఆయన విమర్శ సారం. మన కేంద్ర బడ్జెట్‌కు కూడా 2006-07 నుంచి పన్ను రాయితీల వల్ల పోయిన రాబడి పట్టికను జతచేస్తున్నారు. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఈ వాదం భారతదేశానికి కొత్త కాదు. మనం ఒకసారి మినహాయింపు నుంచి క్రెడిట్‌కు వెళ్లి, పదిహేనేళ్లు అక్కడ ఉండి, మళ్లీ వెనక్కి వచ్చాం. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి మధు దండావతే పాత 80సీ మినహాయింపును తీసేసి, సెక్షన్ 88 కింద పొదుపు మీద 20 శాతం రిబేటు తెచ్చారు. పదివేలు దాస్తే ఏ శ్లాబులో ఉన్నా రెండువేలు పన్ను తగ్గేది. 2002లో యశ్వంత్ సిన్హా దీన్ని ఇంకాస్త కిందికి వంచారు. ఆదాయం లక్షన్నర లోపుంటే 20 శాతం, ఐదు లక్షల దాకా 15 శాతం, ఆపైన ఏమీ లేదు. ఇది క్రెడిట్‌లోనే సాధ్యమయ్యే సౌలభ్యం. 2005లో పి. చిదంబరం సెక్షన్ 88ని రద్దుచేసి, 80సీని లక్ష రూపాయల మినహాయింపుగా తిరిగి తెచ్చారు. పొదుపు పథకాలకు విడివిడిగా ఉన్న ఉపపరిమితులు పోయి అంతా ఒక గొడుగు కిందికి వచ్చిందని, లెక్క సులువైందని అప్పట్లో మెప్పు దక్కింది. అదే బడ్జెట్‌లో పన్ను లేని పరిమితిని రూ.50 వేల నుంచి లక్షకు పెంచారు కనుక చిన్న జీతగాళ్లకు నష్టం కనపడలేదు. కానీ ఉపపరిమితులు తీసేయడానికి, రిబేటును మినహాయింపుగా మార్చడానికి సంబంధమేమీ లేదు. లక్ష రూపాయల గొడుగు కిందే 20 శాతం రిబేటు ఇచ్చినా లెక్క అంతే సులువుగా ఉండేది. ఆ మార్పులో ఐదు లక్షలు దాటినవారికి అంతకు ముందు సున్నాగా ఉన్న రాయితీ ఒక్కసారిగా 30 శాతమైంది. 2005 సంస్కరణలో సరళీకరణ ఎంత నిజమో, పై శ్లాబులకు జరిగిన ఈ బదిలీ కూడా అంతే నిజం.

క్రెడిట్ అనే మాటతోనే తిరుగుతూ ఈ చర్చకు చెందనివి కొన్ని ఉన్నాయి. యజమాని జీతంలోంచి కోసి కట్టిన టీడీఎస్ ఫారం 26ఏఎస్‌లో క్రెడిట్‌గా కనిపిస్తుంది. అది రాయితీ కాదు, మనం ముందే కట్టిన సొంత డబ్బు. జీఎస్టీలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు సర్దుబాటు చేసుకోవడమే, పన్ను మీద పన్ను పడకుండా ఆపే ఏర్పాటు. విదేశీ పన్ను క్రెడిట్ మూడోది. హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా కంపెనీ షేర్లు పెట్టుకున్న ఐటీ ఉద్యోగులకు ఇది బాగా తెలుసు. వంద డాలర్ల డివిడెండు వస్తే, 1989లో కుదిరిన భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం అక్కడ 25 డాలర్లు పట్టుకుంటారు. ఇక్కడ 30 శాతం శ్లాబులో ఉన్నవారు సెస్సు, సర్‌చార్జీ పక్కనపెడితే 30 డాలర్ల పన్నులో ఆ 25 తీసేసి, 5 కడితే చాలు. ఇందుకు ఫారం 67 దాఖలు చేయాలి. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి మాత్రం 20 వరకే సర్దుబాటు, మిగిలిన 5 డాలర్లు పోయినట్టే. ఇక్కడ కూడా సున్నా దగ్గర గోడ ఉంది. ఇది దాతృత్వానికి సంబంధించిన క్రెడిట్ కాదు కనుక ఆ గోడను సమర్థించుకోవచ్చు. అమెరికా వసూలు చేసిన పన్నును భారత ఖజానా ఎందుకు తిరిగివ్వాలి?

ఆ గోడే రెండో ప్రశ్న. పన్ను సున్నా కాగానే ఆగిపోయే క్రెడిట్ ఒక రకం. సున్నా దాటాక మిగిలినది చెక్కు రూపంలో చేతికి వచ్చే క్రెడిట్ రెండో రకం. ఈ సంవత్సరం వాడుకోలేనిది వచ్చే సంవత్సరాలకు మోసుకుపోయేది మూడో రకం. మన కంపెనీల కనీస ప్రత్యామ్నాయ పన్ను క్రెడిట్ ఈ మూడో రకానిది, దాన్ని పదిహేనేళ్ల దాకా మోసుకుపోనిచ్చారు. కొన్ని దేశాల్లో క్రెడిట్‌ను అమ్ముకోవచ్చు కూడా. అమెరికాలో 1986 నుంచి ఉన్న అల్పాదాయ గృహ క్రెడిట్‌ను ఇళ్లు కట్టేవారు బ్యాంకులకు, పెట్టుబడిదారులకు వాటాల రూపంలో బదలాయించి పెట్టుబడి తెచ్చుకుంటారు. కట్టాల్సిన పన్ను లేనివారికి క్రెడిట్ ఇచ్చి, పన్ను ఉన్నవారికి అమ్ముకోమనడం వింతగా తోస్తుంది. మధ్యలో దళారీలకు కొంత పోతుంది కూడా. నేరుగా డబ్బు ఇస్తే పోయేదానికి ఇంత చుట్టు ఎందుకంటే, ఖర్చు పద్దు కింద చట్టసభ దాటని సొమ్ము పన్ను పద్దు కింద సులువుగా దాటుతుంది. సర్రీ చెప్పింది ఇదే.

చేతికి డబ్బు వచ్చే క్రెడిట్‌కు అతి పెద్ద ప్రయోగశాల అమెరికా. ఆదాయం ఒక స్థాయికి తగ్గినవారికి పన్ను వసూలు చేయడానికి బదులు ప్రభుత్వమే ఎదురు చెల్లించాలన్న ‘ప్రతికూల ఆదాయపు పన్ను’ ఆలోచనను మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ప్రచారంలోకి తెచ్చాడు. నిక్సన్ ప్రభుత్వం ఆ దారిలో కుటుంబ సహాయ పథకం ఒకటి ప్రతిపాదిస్తే, లూసియానా సెనేటర్ రస్సెల్ లాంగ్ అడ్డుపడ్డాడు. పని చేయనివారికి డబ్బు ఇవ్వకూడదన్నది ఆయన పట్టు. దాని ఫలితంగానే 1975లో శ్రమార్జిత ఆదాయ క్రెడిట్ వచ్చింది. సంపాదించిన మొదటి 4,000 డాలర్ల మీద 10 శాతం, అంటే గరిష్ఠంగా 400 డాలర్లు. పిల్లలున్న కుటుంబాలకే మొదట దీన్ని పరిమితం చేశారు. 2024 సంవత్సరానికి ముగ్గురు అంతకు మించి పిల్లలున్న కుటుంబానికి గరిష్ఠం 7,830 డాలర్లు, పిల్లలు లేనివారికి 632 డాలర్లు. దీని ఆకారం ఒక కొండలాంటిది. సంపాదన పెరిగేకొద్దీ కొంతదూరం క్రెడిట్ పెరుగుతుంది, తరవాత కొంతమేర సమంగా ఉంటుంది, ఆపైన మెల్లగా తగ్గి అంతరిస్తుంది. పని చేయనివారికి ఏమీ రాదు. 1986 నాటి విస్తరణ తరవాత పిల్లలున్న ఒంటరి తల్లులు ఎక్కువగా ఉద్యోగాల్లో చేరారని నాడా ఐసా, జెఫ్రీ లీబ్‌మన్ 1996లో చూపారు. అది చాలాకాలం ఏకాభిప్రాయంగా నిలిచింది. ఇటీవల హెన్రిక్ క్లీవెన్ ఆ ఆధారాలను తిరగదోడి, 1990ల నాటి ఉద్యోగాల పెరుగుదలలో సంక్షేమ చట్టాల మార్పు, ఆర్థిక ఊపు పాలెంతో విడదీయడం కష్టమన్నాడు. పని ప్రోత్సాహం సంగతి వివాదంలో ఉన్నా, తక్కువ జీతాల కుటుంబాల చేతికి డబ్బు అందిందన్నది వివాదం కాదు.

ఇంతకంటే స్పష్టమైన పాఠం పిల్లల క్రెడిట్‌లో ఉంది. 1997 చట్టంతో పిల్లవాడికి 400 డాలర్లతో మొదలై, 2017 చట్టంతో 2,000 డాలర్లకు చేరి, 2025లో 2,200 అయింది. చేతికి వచ్చే భాగం 1,700 డాలర్లకు మించదు, అదీ 2,500 డాలర్లు దాటిన సంపాదనలో 15 శాతం చొప్పునే పెరుగుతుంది. ఏడాదికి 12,000 డాలర్లు సంపాదించే ఇద్దరు పిల్లల తల్లికి పన్నేమీ పడదు కనుక ఆమె క్రెడిట్ మొత్తం 1,425 డాలర్లు. నాలుగు లక్షల డాలర్లు సంపాదించే దంపతులకు అదే ఇద్దరు పిల్లల మీద 4,400. క్రెడిట్ అయినంత మాత్రాన పేదల వైపు మొగ్గదు, సున్నా దగ్గర ఏం జరుగుతుందో చూడాలనడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు. 2021లో ఒక్క సంవత్సరం పాటు ఆ గోడను పడగొట్టారు. ఆరేళ్లలోపు బిడ్డకు 3,600, పెద్ద పిల్లలకు 3,000 డాలర్లు, సంపాదన ఉన్నా లేకున్నా పూర్తిగా చేతికే. అందులో సగం జులై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఖాతాల్లో పడింది. అనుబంధ పేదరిక కొలమానం ప్రకారం పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడిపోయింది. విస్తరణ గడువు తీరిన 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. కోవిడ్ నాటి ఇతర చెల్లింపులు కూడా 2021 అంకెలో కలిసి ఉన్నాయి, ఘనతంతా క్రెడిట్‌కే కట్టబెట్టకూడదు. శాశ్వతం చేస్తే సుమారు 15 లక్షల మంది పని మానేస్తారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మేయర్, ఆయన సహచరులు అంచనా వేశారు. ఆ ఆరు నెలల్లో ఉద్యోగాలు చెప్పుకోదగ్గంత తగ్గిన జాడ కనపడలేదని ఇతరులు చూపారు. ఆరు నెలల అనుభవం శాశ్వత పథకానికి సాక్ష్యం కాదన్న మేయర్ వర్గం మాటలో న్యాయం ఉంది. కానీ అంచనా మీద ఆధారపడి, కళ్ల ముందు జరిగిన తగ్గుదలను పక్కనపెట్టడం తూకం తప్పిన తీర్పు.

అక్కడి తెలుగు కుటుంబాలకు ఈ చట్టంలోని ఇంకో అంచు తెలుసు. ఈ క్రెడిట్ రావాలంటే పిల్లవాడికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. హెచ్-1బీ వీసాపై వెళ్లిన దంపతుల వెంట హెచ్-4 మీద వెళ్లిన పెద్దబిడ్డకు ఆ నంబరు ఉండదు, అక్కడే పుట్టిన చిన్నబిడ్డకు ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరి మీద 2,200 డాలర్లు, ఇంకొకరి మీద 500 డాలర్ల వేరే చిన్న క్రెడిట్ వస్తాయి. ఆ 500లో చేతికి వచ్చే భాగం కూడా ఉండదు.

సంక్షేమాన్ని పన్ను శాఖకు అప్పగించకూడదన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. వసూలుకు అలవాటుపడిన శాఖ ఏడాదికోసారి లెక్క చూస్తుంది, పేదవాడి ఆదాయం వారానికోసారి మారుతుంది. శ్రమార్జిత ఆదాయ క్రెడిట్ చెల్లింపుల్లో ఐదో వంతుకు పైనే తప్పుగా వెళుతున్నాయని అమెరికా పన్ను శాఖ అంచనాలే ఏటేటా చెబుతున్నాయి. అందులో మోసం కొంత, బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని నెలలు ఉందన్న చిక్కు నిబంధనల్లో పొరపాటు కొంత. బ్రిటన్ 2003లో తెచ్చిన పని క్రెడిట్, పిల్లల క్రెడిట్ మొదటి ఏడాదే సుమారు 220 కోట్ల పౌండ్లు అదనంగా చెల్లించి, ఖర్చుపెట్టుకున్న కుటుంబాల నుంచి వెనక్కి అడిగాయి. చివరికి వాటి స్థానంలోకి యూనివర్సల్ క్రెడిట్ వచ్చింది, పాతవి 2025 ఏప్రిల్‌తో ముగిశాయి. నెదర్లాండ్స్‌లో పన్ను శాఖ నడిపిన శిశు సంరక్షణ భత్యాల్లో వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేసి వసూళ్లకు దిగిన వ్యవహారంలో 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఇవి చిన్న లోపాలు కావు. అయితే ఈ మూడు చోట్లా కొరివి పెట్టింది క్రెడిట్ అన్న భావన కాదు, అర్హతను ఇంటి పరిస్థితికి, మారుతూ ఉండే ఆదాయానికి, శిశు కేంద్రం బిల్లుకు ముడివేసిన నిబంధనలు. నిబంధన ఎంత సన్నమైతే తప్పు అంత లావు. 2021లో అమెరికా పెద్ద చిక్కులు లేకుండా నెలనెలా పంపగలిగిందంటే, ఆ ఏడాది షరతులు తక్కువ కావడం ఒక ముఖ్య కారణం.

మన దేశానికి వస్తే, ఇప్పుడు జనం నోట ఎక్కువగా నానుతున్నది 87ఏ రిబేటు. 2013లో ఐదు లక్షల లోపు ఆదాయానికి రూ.2,000గా పుట్టి, 2019లో రూ.12,500కు, కొత్త విధానంలో 2023లో ఏడు లక్షల దాకా రూ.25,000కు, 2025లో పన్నెండు లక్షల దాకా రూ.60,000కు పెరిగింది. దీనికి పూర్వరూపం 2004 నాటి 88డీ, లక్ష దాకా పన్ను లేకుండా చేసిన రిబేటు. పేరుకు క్రెడిట్ అయినా 87ఏ చేసే పని వేరు. పన్ను లేని పరిమితిని నాలుగు లక్షల నుంచి పన్నెండు లక్షలకు పెంచితే పైవారందరికీ లాభం పోతుంది. రిబేటుగా ఇస్తే పన్నెండు లక్షలు దాటిన వెంటనే అది మాయమవుతుంది. ఖజానా దృష్టిలో తెలివైన పనే. దీని మూల్యం అంచు దగ్గర కనిపిస్తుంది. పాత విధానంలో సరిగ్గా ఐదు లక్షల ఆదాయానికి పన్ను సున్నా. ఐదు లక్షల పదివేలకు సెస్సుతో కలిపి రూ.15,080. పదివేలు ఎక్కువ సంపాదించి పదిహేనువేలు పోగొట్టుకోవడం ఏ లెక్కకూ అందదు. కొత్త విధానంలో మార్జినల్ రిలీఫ్ పెట్టి ఈ గుంతను పూడ్చారు. పన్నెండు లక్షల పదివేలకు లెక్క ప్రకారం రూ.61,500 రావాల్సినా, సెస్సు కాకుండా పదివేలే కట్టించుకుంటారు. గుంత పూడింది కానీ, పన్నెండు లక్షల నుంచి దాదాపు 12.70 లక్షల దాకా సంపాదించే ప్రతి అదనపు రూపాయీ పన్నుకే పోతుంది. అమెరికా క్రెడిట్‌లా మెల్లగా తగ్గే వాలు పెట్టి ఉంటే ఈ బాధ లేదు. పన్నెండు లక్షలన్న గుండ్రటి అంకె చెప్పుకోవడానికి బాగుంటుందన్న కారణం తప్ప ఇందుకు ఇంకో కారణం తోచదు.

భారతదేశపు రిబేటు ఏదీ సున్నా దాటి చేతికి రాదు. రిటర్నులు వేసేవారు తక్కువ కనుక అలా ఇచ్చినా పేదలకు అందదన్నది ఇక్కడి జవాబు. 2024 జులై 31 నాటికి వచ్చిన రిటర్నులు 7.28 కోట్లు. 140 కోట్ల జనాభాలో అది చిన్న వంతే, మాట నిజమే. అందుకే ఆ పని వేరే ద్వారం నుంచి జరుగుతోంది. 2019లో మొదలైన పీఎం కిసాన్ భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి రూ.6,000 ఇస్తుంది, క్రితం ఏడాది ఆదాయపు పన్ను కట్టినవారిని బయట ఉంచుతుంది. తెలంగాణ 2018లో రైతుబంధును ఎకరానికి పంటకు రూ.4,000 చొప్పున, భూమికి పరిమితి లేకుండా తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో రైతు భరోసాను పీఎం కిసాన్‌తో కలిపి కుటుంబానికి ఏడాదికి రూ.13,500గా తెచ్చి, భూమిలేని కౌలుదారుల్లో కొన్ని వర్గాలను చేర్చింది. ఇవి పన్నులు కావు, అయినా పన్ను వాదం అచ్చంగా ఇక్కడా నడుస్తుంది. ఎకరం లెక్కన ఇచ్చే పథకం మినహాయింపులాంటిది, ఆస్తి పెరిగేకొద్దీ సాయం పెరుగుతుంది. కుటుంబం లెక్కన ఇచ్చేది క్రెడిట్‌లాంటిది. యాభై ఎకరాల ఆసామికి పంటకు రెండు లక్షలు, ఎకరం రైతుకు నాలుగువేలు, కౌలుదారుకు ఏమీ లేదన్న రైతుబంధు మీది విమర్శ, దండావతే 1990లో 80సీని తీసేయడానికి ఉన్న కారణం ఒకటే. ఈ రెండు ద్వారాల మధ్య మిగిలిపోయేవారు ఎక్కువమందే. గుంట భూమి లేక, పన్ను కట్టేంత జీతమూ లేక, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దుకాణంలో, డెలివరీ బండి మీద ఏడాదికి రెండు, మూడు లక్షలు సంపాదించే మనిషికి 87ఏ పెంపు వల్ల వచ్చేదీ లేదు, పీఎం కిసాన్ వచ్చేదీ లేదు. ఈ మనిషికి బ్యాంకు ఖాతా ఉంది, ఆధార్ ఉంది, చాలాచోట్ల పాన్ కూడా ఉంది. శ్రమార్జిత ఆదాయ క్రెడిట్‌లాంటిది పంపడానికి లేనిదల్లా అతని సంపాదనకు నమ్మదగిన నమోదు. యాప్ సంస్థలు, జీఎస్టీలో నమోదైన దుకాణాలు ఇప్పుడు ఆ లెక్కలో కొంత భాగాన్ని ఎలాగూ రాస్తున్నాయి.